చింతమొద్దులో నా మేకు

మా నాయన పంపిన ఎద్దులబండి అత్తగారింటి ముందు ఆగేసరికి నేను వాకిట్లో రాగులు చెరుగుతున్నాను. బండి నిండా చింతమొద్దులు. మొత్తం తొమ్మిది. ఒక్కొక్కటి మూరెడు ఎత్తు, రెండు చేతులు చాపి పట్టుకున్నా అందనంత లావు. నాలుగు రోజుల్లో మా మరిది పెళ్లి. ఎనభైల మొదట్లో సంగతి ఇది. అప్పటికి రెండేళ్లుగా సరైన వాన లేదు. చిలమత్తూరు సంతకు పోయినా కంపమోపులు తప్ప కట్టె అన్నది కంటికి కనబడటం లేదు. కంప వేసి నాలుగు రొట్టెలు కాల్చుకోవచ్చు గానీ, పెళ్లి అన్నం ఉడికే గంగాళం కింద కంపమంట ఎంతసేపు నిలుస్తుంది? అందుకే మా నాయన, ఇంకేమీ ఇవ్వలేని ఏడాది కాబట్టి, చేని గట్టు మీద ఎండిపోయిన చింతచెట్టును కోయించి పంపుతానన్నాడు.

"ఏమే, మీ నాయన మాట నిలుపుకున్యాడే!" అంది మా అత్త నడుం మీద చేయి పెట్టుకుని.

ఆమె మెచ్చుకోవడం నాలుగేళ్లలో మూడోసారో నాలుగోసారో. చేట పక్కన పెట్టి సంతోషంగానే లేచాను. బండివాడు పలక వాల్చి మొద్దులు ఒక్కటొక్కటే దొర్లిస్తున్నాడు. ఏడో మొద్దు దొర్లి వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. దాని బెరడు మీద ఒకచోట నిలువుగా ఒక మచ్చ, బిగించిన పెదాల మాదిరి. ఆ మచ్చ లోపల ఏముందో ఆ ఊళ్లో నాకొక్కదానికే తెలుసు.

లోపల జానెడు మేకు ఉంది. మేకుకు చుట్టిన వెంట్రుకలు ఉన్నాయి. అవి నావి.

నాకు పదమూడేళ్లప్పుడు, అదీ కరువు ఏడాదే, పొద్దున ఇంత గంజినీళ్లు తాగి చేన్లో కందికొయ్యలు ఏరడానికి పోయి కళ్లు తిరిగి పడిపోయాను. లేచాక మా చిన్నాయన ఏదో అంటే ఆయనను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆడపిల్ల పడిపోవడం, లేవడం, లేచి మగవాణ్ణి తిట్టడం, ఇవి మూడూ కలిస్తే మా ఊళ్లో ఇంకో మాటే లేదు, గాలి సోకినట్టే. రెండు పూటలు కడుపునిండా సంగటి పెట్టి ఉంటే పోయే దయ్యం అది. సంగటి లేదు కాబట్టి మంత్రగాణ్ణి పిలిచారు. అతను నన్ను ఆ చింతచెట్టుకు ఆనించి నిలబెట్టి, నడినెత్తిన ఒక పాయ తీసి, మేకుకు చుట్టి, నా తలకు సమంగా చెట్టులోకి దిగగొట్టి, వెంట్రుకలు కోశాడు. మేకు చెట్టులో ఉన్నన్నాళ్లు దయ్యం చెట్టులో ఉంటుందట. పీకితే మనిషిని వెతుక్కుంటూ వస్తుందట. నాకు దయ్యం ఉండిందో లేదో గానీ కోపం మాత్రం ఉండింది. మేకు కొట్టాక కూడా అది ఎక్కడికీ పోలేదు.

పెళ్లి చూపులప్పుడు ఈ సంగతి మావాళ్లు చెప్పలేదు. ఎవరు చెబుతారు? మా నాయన మతిమరుపు మనిషి కూడా కాదు. తర్వాత మా మరిది పెళ్లికి వచ్చినప్పుడు ఆయనను చాటుకు పిలిచి నిలదీశాను. "చెట్టు పెరిగె గదమ్మా ఇన్నేండ్లూ. మేకూ దాంతోపాటే పైకి పోయింటాదనుకున్యా. పైకొమ్మల మొద్దులన్నీ ఇంటికాడనే పెట్టుకుని, మొదట్లోవి పంపితి" అన్నాడు. పిల్ల ఎత్తు పెరిగితే బొట్టు కూడా పైకి పోయినట్టు, చెట్టు పెరిగితే మేకు కూడా పైకి పోతుందని మా ఊరంతా అనుకునేది. పోదు. కొట్టినచోటే ఉంటుంది. చుట్టూ చెట్టు మాత్రం లావవుతుంది. భద్రంగా ఉంటుందని ఏరి ఏరి మరీ పంపిన మొద్దుల్లోనే అది ఉంది. ఇంతకంటే జాగ్రత్తగా నా కొంప ఎవరూ ముంచలేరు.

నా భయం దయ్యం గురించి కాదు. మా వీధి చివరింటి కోడలికి పెళ్లికి ముందు ఇట్లాగే మేకు కొట్టించారని తెలిసినప్పుడు, ఆమెను ఆ సాయంత్రమే బస్సెక్కించి పుట్టింటికి పంపారు. కొడుకును మాత్రం ఇవ్వలేదు. వాళ్లింటి బిడ్డ కదా. ఆమె ఆరునెలలకోసారి వచ్చి పక్కింటి గోడ దగ్గర నిలబడి, ఆడుకుంటున్న కొడుకును చూసి పోయేది. నాకు రెండేళ్ల కూతురుంది. మేకు బయటపడిందంటే నేను కూడా ఏదో ఒక గోడ దగ్గర నిలబడాల్సిందే.

ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా కొడవలి మొనతో మచ్చను గెలికి చూశాను. చింత ఎండితే ఇనుమే. కొడవలి మొన విరిగింది, మొద్దు మీద గీత పడలేదు. ఒక్కదాన్నే దొర్లించి గడ్డివామి వెనక్కి తోద్దామంటే పక్కనున్న గోడ దాకా తప్ప కదల్లేదు. చివరికి మచ్చ ఉన్న వైపు గోడకు తిప్పి, మొద్దు మీద గోనె పరిచి, దాని మీద మిరపకాయల చేట పెట్టాను. నా ఎత్తులు ఆపాటివే.

మర్నాడు పొద్దునే కట్టెలు కొట్టే మనిషి వచ్చాడు. పక్క ఊరివాడు. యాభై దాటిన మనిషి, సన్నగా ఎండిన ఒళ్లు. భుజాన గొడ్డలి, చేతిలో సమ్మెట, నడుముకు కట్టిన గుడ్డసంచిలో నాలుగు ఇనుప చీలలు. చీల అంటే ఒకవైపు మందంగా, ఒకవైపు పదునుగా ఉండే ఇనుపముక్క. గొడ్డలికి లొంగని మొద్దులో దాన్ని పెట్టి సమ్మెటతో కొడతారు. చుట్టుపక్కల పెళ్లి కట్టెలన్నీ ఆయనే కొట్టేవాడు. మా అత్త గొడ్డలికి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. ఆయన గొడ్డలి ఎత్తలేదు. మొద్దులన్నీ ఒకసారి చుట్టి వచ్చి, అడిగాడు.

"ఇనుము ఏమన్నా ఉండాదా వీట్లో? ముందే చెప్పండి. మేకో, గొలుసో, లాడమో, ఏదైనా సరే."

"మా వియ్యంకుని చేనిగట్టు చెట్టప్పా అది. ఆడ ఇనుము యాడిది?" అంది మా అత్త.

"నిన్ను కాదక్కా అడిగేది. ఆ చెట్టుకింద ఆడుకున్యది ఈ పిల్ల గదా." నా వైపు తిరిగాడు. "ఏమమ్మా? నువ్వు చెప్పు. మా తమ్ముడు ఇట్లే, ఇనుము లేదంటే నమ్మి ఏటు ఏసినాడు. గొడ్డలి పెచ్చు ఎగిరి కంట్లో పడింది. ఇప్పుడు ఒంటికంటితో గొర్రెలు కాస్తాండాడు. ఉంటే ఉండాదని చెప్పు, ఆ మొద్దు పక్కన పెట్టేస్తా. అంతే."

మా అత్త నా మొహంలోకే చూస్తోంది. ఆమె చంకలో నా కూతురు నోట్లో వేలు పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఏమీ లేదు మామా" అన్నాను.

ఆయన తలాడించి గొడ్డలి తీసుకున్నాడు. అంత సులువుగా నమ్మాడు. ఆ నమ్మకం చూసి నాకు ఆయన మీదే కోపం వచ్చింది. ఇంకోసారి గట్టిగా అడగకూడదా అనిపించింది. తప్పు చేసేది నేను, కోపం ఇంకొకరి మీద. నా స్వభావమే అంత.

ఆయన పని చూస్తే ఇంకెప్పుడైనా అయితే ముచ్చటేసేది. మొద్దును నడిమిన కొట్టేవాడు కాదు. పైకి తిప్పి, ఎండకు పడ్డ నెర్రెలు ఎటు పోతున్నాయో వేలితో తడిమి, అంచున ఏటు వేసేవాడు. అంచు నుంచి చెక్క ఊడిపోయేది. మొద్దు చుట్టూ తిరుగుతూ చెక్క తర్వాత చెక్క ఒలుచుకుంటూ పోతే, చివరికి నల్లటి చేవ ఒక్కటే నిలబడేది. అప్పుడు దానికి చీల పెట్టేవాడు. ఏటు ఏటుకీ 'హుం' అనేవాడు. నేను గంపతో చెక్కలెత్తి పందిరి పక్కన పేరుస్తున్నాను. మనసులో మాత్రం ఒకటే లెక్క. ఆయన అంచులు ఒలిచే మనిషి. నా మేకు అంచు నుంచి నడిమికి అడ్డంగా పడుకుని ఉంది. ఒలిచే గొడ్డలి సరిగ్గా దాని మీదే పడుతుంది.

పొద్దు నెత్తికెక్కేసరికి ఐదు మొద్దులు అయిపోయాయి. మజ్జిగ ఇవ్వడానికి పోయి, "ఈ కట్టె చాలదా మామా? పొద్దుటినుంచి అలిసిపోయింటావు" అన్నాను.

"అలుపేంది? తొమ్మిదీ అయిపోవాల ఈ పొద్దు" అన్నాడు. మజ్జిగ తాగి మూతి తుడుచుకుని, "నీ పుట్టింటి చెట్టు మంచి చేవ ఉండే చెట్టమ్మా. మీ నాయనకు చెప్పు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషి నాతో ఒక్క చెడ్డ మాట అన్నా బాగుండేది.

ఆరు, ఏడు, ఎనిమిది. గోనె కప్పింది ఒక్కటే మిగిలింది. ఆయన దాని వైపు నడిచేలోపు నేను అత్త దగ్గరికి పరిగెత్తాను. నా కూతుర్ని చంకలో వేసుకుని ఆమె పందిరి కింద బియ్యం మూటలు చూసుకుంటోంది. ఇంట్లో మగవాళ్లు లేరు. నా భర్త, మరిది ఇద్దరూ పత్రికలు పంచడానికి పోయి ఆ రాత్రికి గానీ రారు.

"అత్తా, ఆ మొద్దు అట్లే ఉంచుదాం. మాంసం కొట్టేకి పనికొస్తాది."

"నీకేమన్నా పిచ్చా? పెండ్లికి కట్టె చాలుతాదో లేదో అని నేను ఏడుస్తాంటే మాంసం కొట్టేకి మొద్దంట! ఊరంతా మాంసం యాడ కొడతాండారు, నీ తల మీదనా? పో, మిరపకాయలు తీ" అంది.

నేను తీసేలోపే ఆయన చేట పక్కన పెట్టి, గోనె లాగి, మొద్దును గోడ దగ్గర నుంచి నడివాకిట్లోకి దొర్లించాడు. మచ్చ మా అత్త ఉన్న వైపు కాక అటువైపు తిరిగింది. ఆయన నెర్రెలు తడిమాడు. గొడ్డలి ఎత్తి మొదటి ఏటు వేశాడు. అది మచ్చకు ఎదుటి అంచు. చెక్క ఊడింది. ఒక అడుగు పక్కకు జరిగి రెండోది. చెక్క ఊడింది. మొద్దు చుట్టూ ఆయన నడక ఎటు పోతుందో నాకు తెలుసు. పొద్దుటినుంచి ఎనిమిది మొద్దులు చూశాను కదా. ఇంకో రెండు అడుగులు జరిగితే మచ్చ.

ఆ రెండు అడుగుల్లో నేను అనుకున్నవన్నీ ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పెచ్చు ఎగరకపోవచ్చు అనుకున్నాను. ఎగిరినా కంట్లో పడాలని ఏముంది అనుకున్నాను. మేకు తుప్పుపట్టి పొడి అయిపోయి ఉంటుంది అనుకున్నాను. ఆయనకు ఇంకో కన్ను ఉంటుంది కదా అని కూడా అనుకున్నాను. అవును, అదీ అనుకున్నాను. నా బిడ్డ కోసం అనుకున్నానని చెప్పుకుంటే కొంచెం ఊరటగా ఉంటుంది గానీ, అనుకున్నది అనుకున్నదే.

మూడో చెక్క ఊడింది. ఆయన జరిగాడు. కళ్లు చికిలించి మచ్చకు నేరుగా పైన నెర్రె చూసుకున్నాడు. గొడ్డలి పైకి లేచింది.

"కొట్టద్దు!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఎప్పుడు పరిగెత్తానో తెలియదు, నా రెండు చేతులూ మొద్దు మీద ఉన్నాయి. ఆయన గొడ్డలిని గాలిలోనే పక్కకు తిప్పుకున్నాడు. అది నేలలో దిగబడింది, నా పాదానికి బెత్తెడు దూరంలో.

"చేతులు పోయేవే పిల్లా! ఏమొచ్చింది నీకు?" అని అరిచాడు.

"మేకు ఉండాది."

"ఏం మేకు?" అంది మా అత్త వెనక నుంచి.

ఉయ్యాల మేకు అనొచ్చు. ఎద్దుల్ని కట్టే మేకు అనొచ్చు. ఆ రెండూ పొద్దుటినుంచీ నాలుక చివరే పెట్టుకుని ఉన్నాను. కానీ మొద్దు చీలితే వెంట్రుకలు కనబడతాయి. ఇంకో అబద్ధం ఆడే ఓపిక కూడా నాలో లేదు.

"నా మేకు అత్తా. నా పదమూడో ఏట కొట్టినారు."

ఆయన వంగి మచ్చను చూశాడు, వేలితో తడిమాడు. నిలబడి గొడ్డలి నేలలోంచి పీకి దాని అంచు చూసుకున్నాడు.

"పొద్దున అడిగితి" అన్నాడు. "మా తమ్ముని సంగతి కూడా చెప్పి అడిగితి."

నేను మొద్దు మీద నుంచి చేతులు తీసేశాను.

"దయ్యమో గియ్యమో నాకు తెల్దు. దానికి నేను భయపడను. నా కన్ను పోతే మా ఇంట్లో ఆరుమందికి అన్నం ల్యా. ఇప్పుడు కాపాడినావు సరే. పొద్దున ఒక్క మాటతోనే కాపాడింటివి గదమ్మా."

గొడ్డలి భుజాన వేసుకున్నాడు. మా అత్త బతిమాలింది, అప్పా, ఈ ఒక్కటీ కొట్టిపో అని. మేకు మొద్దు కొడితే తన ఇంట్లో ఆడవాళ్లు గడప తొక్కనియ్యరని చెప్పి కదిలాడు. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చి, సంచిలోంచి రెండు చీలలు తీసి నా ముందు పడేశాడు. సమ్మెట కూడా పెట్టాడు.

"మేకు ఎటు పోయిందో అటే పెట్టు చీల, పొడుగ్గా. అడ్డం పెట్టినావంటే నీ కన్ను పోతాది. మొగం పక్కకు తిప్పి కొట్టు. పెండ్లయినాక పసుపునీళ్లతో కడిగి పంపండి" అని తిట్టినట్టే చెప్పి వెళ్లిపోయాడు.

నేను అత్త వైపు తిరిగాను. ఆమె తిట్టాలని ఎదురుచూశాను. నాలుగేళ్లుగా ఉప్పు ఎక్కువైతే తిట్టింది, తక్కువైతే తిట్టింది, నేను నవ్వితే తిట్టింది. ఇప్పుడు తిట్టలేదు. నా కూతురి తల మీద కొంగు కప్పి, గుండెకు హత్తుకుని, నన్ను చూస్తూనే ఒక్కొక్క మెట్టే వెనక్కి ఎక్కి లోపలికి పోయింది. లోపల గడియ పడిన చప్పుడు వినబడింది.

తలుపు తట్టలేదు నేను. ఏడవలేదు. ఒళ్లంతా మంట పుట్టింది. సమ్మెట ఎత్తాను. అది నేననుకున్న దానికంటే బరువు. మచ్చ మీద నుంచి మొద్దు నడిమికి నెర్రె ఒకటి ఉంది, దాంట్లో చీల నిలబెట్టి నెమ్మదిగా తట్టాను. అది కరుచుకుంది. మొహం పక్కకు తిప్పి కొట్టాను. తప్పింది. మళ్లీ కొట్టాను. మా నాయనను తిట్టుకుంటూ ఒకటి, చిన్నాయనను తిట్టుకుంటూ ఒకటి, ఆ మంత్రగాణ్ణి తిట్టుకుంటూ నాలుగు. లోపల నా కూతురు ఏడుపు మొదలుపెట్టింది. దాని ఏడుపు విని చేతులు తడబడ్డాయి, చీల జారింది, మళ్లీ నిలబెట్టాను. అరచేతుల్లో బొబ్బలు చిట్లాయి. రెండో చీల దిగినప్పుడు మొద్దు టప్పున విచ్చుకుంది.

మేకు ఒక చెక్కలో పడుకుని ఉంది, నల్లగా. దాని మొదట్లో వెంట్రుకలు ఇంకా ఉన్నాయి. నేను పెద్దదాన్నయ్యాను, బిడ్డను కన్నాను, అవి మాత్రం పదమూడేళ్ల పిల్లవే. చూస్తుంటే భయం వేయలేదు. ఆ పిల్ల మీద జాలేసింది. ఆకలి అని ఒక్కరైనా అనుకోలేదే దాని గురించి అనిపించి, అప్పుడు ఏడ్చాను.

మేకును చీలతో పెకలించి చేతిలో పట్టుకుని తలుపు దగ్గరికి పోయాను.

"అత్తా, పీకేసినా. వట్టి మేకు. తలుపు తియ్యి. బిడ్డ ఏడుస్తాంది."

నా కూతురు నన్ను పిలుస్తోంది. నేను గడపలో కూర్చున్నాను. ఇంటి నీడ వాకిలంతా దాటి వీధిలోకి పోయేదాకా కూర్చున్నాను. పోను, బస్సెక్కించినా దిగి వస్తాను, గోడ దగ్గర నిలబడే దాన్ని కాను నేను, అని తలుపుతోనే చెప్పాను.

చివరికి గడియ తీసిన చప్పుడైంది. తలుపు ఒక జానెడు తెరుచుకుంది. మా అత్త చేయి ఒక్కటే బయటికి వచ్చి నిండు బిందె ఒకటి గడప ఇవతల పెట్టింది. మైలున్నర దూరం నుంచి తెచ్చి పెళ్లికని దాచిన నీళ్లు అవి. ఆ వారం ఇంట్లో ఎవరికీ స్నానానికి రెండు చెంబులకు మించి ఇవ్వలేదామె.

"దాన్ని అవతల పారేసి, నెత్తి మింద పోసుకో. పోసుకుని రా" అంది. "ఈ మాట నీ మొగునికి చెప్పొద్దు. నేనూ చెప్పను."

మేకును దిబ్బలోకి విసిరేశాను. బిందె ఎత్తి కోకతో సహా నెత్తిన కుమ్మరించుకున్నాను. తలుపు పూర్తిగా తెరుచుకుంది. నా కూతురు పరిగెత్తుకొచ్చి తడికోకను కరుచుకుంది. దాన్ని ఎత్తుకుని లోపలికి అడుగు పెడితే, మా అత్త రెండు అడుగులు వెనక్కి వేసింది.

పెళ్లి బాగా జరిగింది. ఆ మేకు మొద్దు కూడా గంగాళం కిందే కాలింది, అందరూ కడుపునిండా తిన్నారు. మా అత్త ఆ మాట చివరిదాకా ఎవరికీ చెప్పలేదు, నన్ను పుట్టింటికి పంపలేదు. ఇంకెప్పుడూ తిట్టనూ లేదు. ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. నేను ఎదురొస్తే ఆ రెండు అడుగులు మాత్రం వెనక్కి వేస్తూనే ఉండేది.